నిర్లక్ష్యానికి గురైన జంతువులకు షెల్టర్‌లో అత్యవసర వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

షెల్టర్‌లో కొత్తగా చేరిన వాలంటీర్లు, జంతువుని తెచ్చి అప్పగించేవాళ్ళు, అప్పగించాక రోజూ ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు అడిగే ప్రశ్నలివి. ఎక్కువ మంది కుక్కలు, పిల్లుల గురించే అడుగుతారు కాబట్టి జవాబులూ ఎక్కువగా వాటి గురించే ఉంటాయి. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి డాక్టర్ బరువు చూసి, రక్తపరీక్ష చూసి నిర్ణయించాల్సినవి.

యాక్సిడెంట్ అయిన కుక్కకీ, నెలల తరబడి ఎవరూ పట్టించుకోని కుక్కకీ వైద్యంలో తేడా ఏముంటుంది?

చాలా ఉంటుంది. ఈ పేజీలోని సగం జవాబులు ఆ తేడా నుంచి వచ్చినవే. బండి గుద్దిన కుక్క ఆ ముందు రోజు దాకా బాగా తిని తిరిగిందే. దెబ్బకి చికిత్స చేస్తే మిగతాది శరీరం చూసుకుంటుంది. గొలుసుకి కట్టి వదిలేసిన కుక్క సంగతి వేరు. తిండి లేక ముందు కొవ్వు కరుగుతుంది, తర్వాత కండ కరుగుతుంది, చివరికి గుండె కండరం కూడా సన్నబడుతుంది. రక్తం పల్చబడుతుంది. ఒంటి వేడిని నిలబెట్టుకునే శక్తి పోతుంది. ఉన్న కొంచెంతోనే ఎలాగోలా నెట్టుకురావడానికి శరీరం అలవాటు పడిపోతుంది. అలా అలవాటు పడ్డ శరీరానికి తిండి, సెలైన్, మందులు, స్నానం అన్నీ ఒక్క పూటలో ఇస్తే తట్టుకోలేదు. జాలితో చేసిన పనే ప్రాణం తీసే సందర్భాలు షెల్టర్ వైద్యంలో తక్కువేం కాదు. అందుకే మా దగ్గర మొదటి రోజు "ఇది ఇప్పుడు వద్దు" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ఏ లక్షణాలు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు?

ఊపిరి కోసం ఎగపోయడం, స్పృహ లేకపోవడం, ఆగని రక్తస్రావం, 5 నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్. వీటి గురించి ఎవరికీ అనుమానం ఉండదు. పిల్లి నోరు తెరిచి ఆయాసపడుతుంటే మాత్రం "ఎండకి అలా చేస్తోంది" అని వదిలేస్తారు. కుక్కలు నాలుక బయటపెట్టి ఒగరుస్తాయి గానీ పిల్లులు మామూలుగా అలా చేయవు.

చిగుళ్ళ రంగు చూడటం నేర్చుకుంటే చాలా విషయం తెలిసిపోతుంది. గులాబీ రంగు ఉంటే మంచిది. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తమైనా తగ్గి ఉండాలి, షాక్‌లో (అంటే అవయవాలకి రక్తం సరిగా అందని స్థితిలో) అయినా ఉండాలి. నీలంగానో బూడిద రంగులోనో ఉంటే ఆక్సిజన్ అందట్లేదు. ఇటుక ఎరుపు వడదెబ్బకో, ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్‌కో గుర్తు. పసుపు ఉంటే కామెర్లు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. కొన్ని కుక్కలకి పుట్టుకతోనే చిగుళ్ళు నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. కరిచేలా ఉంటే ఇదేమీ చేయొద్దు, నేరుగా తీసుకురండి.

జనం గుర్తుపట్టలేక ఆలస్యం చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుంటుంది, చుక్క రాదు. మలబద్ధకం అనుకుంటారు. నిజానికి మూత్రనాళం మూసుకుపోయి రక్తంలో పొటాషియం పెరుగుతూ ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోవచ్చు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోతే కడుపు మెలిపడిందేమో అని అనుమానించాలి. ఈనుతున్న కుక్క గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే ఆగకూడదు. కుందేలు సగం రోజు ఏమీ ముట్టకపోతే అదీ ఎమర్జెన్సీయే.

షెల్టర్‌కి తెచ్చేలోపు మేం ఏం చేయాలి?

ముందు ఫోన్ చేయండి. ఏ జంతువు, సుమారు బరువు, ఊపిరి ఎలా ఉంది, లేచి నిలబడుతోందా, ఎంతసేపట్లో వస్తారు అని చెబితే చాలు, లోపల ఆక్సిజన్, వెచ్చటి పరుపు సిద్ధంగా ఉంటాయి. దొరికిన కథంతా తర్వాత చెప్పొచ్చు.

నొప్పితో ఉన్న జంతువు ఎంత సాధువైనా కరుస్తుంది. దుప్పటి కప్పి ఎత్తండి. కుక్కకి మెత్తటి గుడ్డతో మూతి కట్టొచ్చు గానీ ఆయాసపడుతున్న, వాంతి చేసుకుంటున్న కుక్కకి కట్టకూడదు. నడుము పడిపోయినట్టు కనిపిస్తే చెక్క పలక మీదో, గట్టి అట్ట మీదో పడుకోబెట్టి కదలకుండా తీసుకురండి. విరిగిన కాలికి పుల్లలు పెట్టి కట్టే ప్రయత్నం వద్దు, తప్పుగా కడితే కట్టకపోయిన దానికన్నా ఎక్కువ నష్టం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి. ఆగిందో లేదో అని గుడ్డ ఎత్తి చూడకండి.

వడదెబ్బకి మాత్రం ఒక్క మినహాయింపు ఉంది. మిగతా అన్నిటిలో "ముందు తీసుకురండి" అంటాం, ఇక్కడ "ముందు చల్లబరచండి" అంటాం. ఒంటి నిండా నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేసి, ఆ తర్వాత బయల్దేరండి. తడిపిన టవల్ కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు.

లోపలికి తీసుకెళ్ళాక మొదటి పది నిమిషాల్లో ఏం చేస్తారు? బయట కూర్చుంటే టెన్షన్‌గా ఉంటుంది.

వరస ఎప్పుడూ ఒక్కటే. ఊపిరి దారి తెరిచి ఉందా, ఊపిరి ఆడుతోందా, గుండె, రక్తప్రసరణ ఎలా ఉన్నాయి. ఆ తర్వాతే గాయాలు. కంటికి భయంకరంగా కనిపించే పుండు చాలాసార్లు ఆ జంతువుకి ఉన్న సమస్యల్లో మూడోదో నాలుగోదో అవుతుంది. "అంత పెద్ద పుండు పెట్టుకుని ముందు బరువు తూస్తారేంటి" అని కోప్పడేవాళ్ళుంటారు. బరువు తెలియకుండా ఏ మందూ ఎక్కించలేం.

కుక్కకైనా పిల్లికైనా ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. నిర్లక్ష్యానికి గురైనవాటిలో ఇది తక్కువగా ఉండటం మామూలే. వెచ్చబరిచేటప్పుడు ఛాతీ, పొట్ట వైపు నుంచి మొదలుపెడతాం. వేడినీళ్ళ సీసాని గుడ్డలో చుట్టకుండా ఆనిస్తే, తప్పుకోలేని జంతువుకి చర్మం కాలిపోతుంది. షాక్‌లో ఉన్న పిల్లి విషయంలో ఇంకో మెలిక ఉంది. దానికి ఒళ్ళు చల్లబడి, గుండె నెమ్మదించి, బీపీ పడిపోవడం మూడూ కలిసి వస్తాయి. వెచ్చబరచకుండా సెలైన్ ఎక్కిస్తూ పోతే బీపీ పెరగదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ఈలోపు రక్తంలో చక్కెర, రక్తకణాల శాతం, లవణాలు చూస్తాం. గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కుతూ, 2 నిమిషాలకోసారి నొక్కే మనిషి మారుతూ సీపీఆర్ చేస్తాం. మనిషి మారడం ఎందుకంటే, అలసిపోయిన చేతులు లోతుగా నొక్కలేవు.

అంత బక్కచిక్కిన కుక్కకి కడుపునిండా తిండి ఎందుకు పెట్టరు?

అన్నిటికన్నా ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. ఎక్కువ కోపంతో అడిగేదీ ఇదే.

రోజుల తరబడి తిండి లేని శరీరం చక్కెర వాడటం తగ్గించేసి, కొవ్వు మీద, కండ మీద నడుస్తూ ఉంటుంది. ఒక్కసారిగా తిండి, ముఖ్యంగా పిండిపదార్థాలు లోపలికి వెళ్ళగానే ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ ఇన్సులిన్ చక్కెరతో పాటు ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియంలని కూడా రక్తంలోంచి కణాల్లోకి లాగేస్తుంది. అసలే నిల్వలు ఖాళీ అయిన ఒంట్లో రక్తంలో ఉన్న ఆ కాస్తా పడిపోతుంది. ఎర్రకణాలు పగిలిపోతాయి, కండరాలు పట్టు తప్పుతాయి, గుండె లయ తప్పుతుంది. బి1 విటమిన్ కూడా అడుగంటి ఉంటే మెదడు దెబ్బతింటుంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నిర్బంధ శిబిరాల నుంచి బయటపడ్డ మనుషుల్లోనూ ఇదే జరిగింది. ఆకలిని తట్టుకుని బతికినవాళ్ళు తిండి దొరికాక చనిపోయారు.

ఇందులో మోసం ఏమిటంటే, ప్రమాదం మొదటి గంటలో కనిపించదు. గిన్నె నాకేసి తోక ఊపుతుంది, అందరూ సంబరపడతారు. రెండో రోజుకీ అయిదో రోజుకీ మధ్య కుప్పకూలుతుంది. అప్పటికి ఎవరూ దాన్ని తిండితో ముడిపెట్టరు.

అందుకే లెక్క కట్టి పెడతాం. కదలకుండా పడుకున్న జంతువుకి రోజుకి కావాల్సిన శక్తిని బరువుని బట్టి లెక్కిస్తారు. 10 కిలోల కుక్కకి అది సుమారు 400 కిలోక్యాలరీలు. మొదటి రోజు అందులో నాలుగో వంతుతో, అంటే 100 దగ్గర మొదలుపెట్టి, దాన్నీ నాలుగైదు విడతలుగా పంచుతాం. రక్తపరీక్షలు చూసుకుంటూ, కొన్ని రోజుల మీద పూర్తి మోతాదుకి చేరుస్తాం. ఇక్కడ లెక్కలోకి తీసుకునేది ఇవాళ తూకంలో వచ్చిన బరువునే, అది ఉండాల్సిన బరువుని కాదు. పిండిపదార్థాలు తక్కువగా, మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువగా ఉండే ఆహారం ఎంచుకుంటాం. తిండికి ముందే బి1 ఇంజెక్షన్ ఇస్తాం.

వాలంటీర్లకి ఒక మాట. అది మీ వంక చూసే చూపు తట్టుకోలేక ఎవరికీ తెలియకుండా బిస్కెట్లు పెట్టకండి. పెట్టి ఉంటే దాచకండి, చెప్పేయండి. లెక్క సరిచేసుకుంటాం, తిట్టం.

మరి నీళ్ళో? సెలైన్ వెంటనే ఎక్కిస్తారా?

స్పృహలో ఉండి మింగగలిగితే నీళ్ళు ఇవ్వొచ్చు, కొద్దికొద్దిగా, చాలాసార్లు. ఒకేసారి బకెట్ ముందు పెడితే గటగటా తాగి వాంతి చేసుకుంటుంది. పడిపోయి ఉన్న జంతువు నోట్లో నీళ్ళు పోయడం మాత్రం ఘోరమైన తప్పు. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

నీరసించిన జంతువుకి మెడ మీది చర్మం పట్టి లాగి వదిలి, నెమ్మదిగా వెనక్కి వెళ్తే ఒంట్లో నీరు తగ్గిందని చెప్పడం అందరికీ తెలిసిన పద్ధతి. బక్కచిక్కినవాటిలో, ముసలివాటిలో ఈ పరీక్షని నమ్మలేం. చర్మం కింద కొవ్వు లేకపోతే నీరు సరిపడా ఉన్నా చర్మం అలాగే నిలబడుతుంది. అందుకని చిగుళ్ళ తడి, కళ్ళు లోపలికి పోవడం, గుండె వేగం, రక్తపరీక్ష అన్నీ కలిపి చూస్తారు.

ఎంత ఎక్కించాలో కూడా లెక్కే. 10 కిలోల కుక్కలో 8 శాతం నీరు తగ్గిందంటే 800 మిల్లీలీటర్లు బాకీ. షాక్‌లో ఉంటే కొంత త్వరగా ఎక్కిస్తాం. లేకపోతే ఆ బాకీని సగం రోజు నుంచి ఒక రోజు మీద తీరుస్తాం. రోజువారీ అవసరం, విరేచనాల్లో పోయేది దానికి అదనం. గుండె కండరం సన్నబడ్డ జంతువుకి సెలైన్ పరిగెత్తించడం మంచిది కాదు. ఊపిరి వేగం పెరుగుతోందా అని గంటగంటకీ లెక్కపెట్టే పని వాలంటీర్లకి అప్పగించేది అందుకే. అది చిన్న పని కాదు.

చర్మం కింద సెలైన్ ఇచ్చి పంపేయమని కొందరు అడుగుతారు. కాస్త నీరసంగా ఉన్నవాటికి అది సరిపోతుంది. షాక్‌లో ఉన్నప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి ఉంటాయి, ఇచ్చిన నీరు ఇచ్చిన చోటే నిలిచిపోతుంది.

వచ్చిన రోజే స్నానం చేయించొచ్చా? కంపు భరించలేకపోతున్నాం.

వద్దు. తడిస్తే ఒంటి వేడి ఇంకా పడిపోతుంది. విషపదార్థమో, నూనో, పెయింటో ఒంటికి అంటుకుంటే తప్ప స్నానం ఆగొచ్చు.

పుండులో పురుగులు పడ్డాయి. కిరోసిన్ పోస్తే చస్తాయంటారు కదా?

పురుగులు చస్తాయేమో గానీ, పచ్చి మాంసం కూడా కాలిపోతుంది. కిరోసిన్ రక్తంలోకి ఇంకి కాలేయాన్ని, కిడ్నీలని దెబ్బతీస్తుంది. టర్పెంటైన్, పెట్రోల్, ఫినాయిల్ అన్నీ ఇంతే. ఫినాయిల్ లాంటివి పిల్లులకి మరీ ప్రమాదం, వాటి కాలేయం ఆ రసాయనాలని సరిగా విరవలేదు.

ఈగ గుడ్లు పెట్టాక ఒక రోజులోపే పురుగులు బయటికొస్తాయి. అందుకే నిన్న లేని పురుగులు ఇవాళ గుప్పెడు కనిపిస్తాయి. పైకి చిన్న రంధ్రంలా ఉన్నా లోపల చర్మం కింద సొరంగాలు ఉంటాయి. నొప్పికి మందిచ్చి, అవసరమైతే మత్తిచ్చి, చుట్టూ బొచ్చు గొరిగి, సెలైన్‌తో కడుగుతూ పట్టకారుతో ఏరాలి. ఒక్క విడతలో అయిపోదు, మర్నాడు మళ్ళీ చూడాలి. నిటెన్‌పైరామ్, ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు సాయపడతాయి. ఐవర్‌మెక్టిన్‌ని కోలీ జాతి కుక్కలకి, వాటి సంకరాలకి ఇస్తే మెదడుకి ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఎవరో వాట్సాప్‌లో పెట్టిన డోసు చూసి ఇవ్వకండి.

మీరు చేయగలిగింది ఒకటే. శుభ్రమైన గుడ్డ కప్పి, ఈగలు వాలకుండా చూస్తూ తీసుకురండి.

మెడపట్టీ మాంసంలోకి దిగిపోయింది. అక్కడే కోసేసి తీసుకురావచ్చా?

వదులుగా ఉన్న గొలుసుని కోయండి. మాంసంలోకి దిగిన భాగాన్ని తాకకండి. చిన్నప్పుడు కట్టిన పట్టీ కుక్క పెరిగినా మార్చకపోతే చర్మం దాని మీదుగా పెరిగిపోతుంది. కింద పెద్ద రక్తనాళాలు ఉంటాయి. మత్తు కింద తీయాల్సిందే. బొచ్చు జడలు కట్టి అట్టలా మారినప్పుడు కూడా కత్తెర పెట్టొద్దు. జడ ఎక్కడ అయిపోయి చర్మం ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. క్లిప్పర్‌తో గొరగాలి. కాలికి చుట్టుకున్న జడ రక్తం ఆడనివ్వక పాదమే చచ్చుబడిన కేసులూ ఉంటాయి.

నొప్పితో మూలుగుతోంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ కొంచెం ఇవ్వొచ్చా?

పిల్లికి పారాసిటమాల్ విషం. ఒక్క మాత్ర చాలు. కుక్కలకి ఇబుప్రోఫెన్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలని పాడుచేస్తుంది. డాక్టర్లు వాడే మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులని కూడా నీరు తగ్గిన, బక్కచిక్కిన జంతువుకి మొదటి రోజు ఇవ్వకుండా ఆపుతాం. అప్పుడు వేరే రకం నొప్పి మందులు, ఎక్కువగా ఓపియాయిడ్లు వాడతారు. కుక్కల పేల మందుని పిల్లికి రాయడం ఇంకో మామూలు పొరపాటు. పెర్మెత్రిన్ ఉన్న మందు పిల్లికి ఫిట్స్ తెప్పిస్తుంది.

విషం తిన్నట్టుంది. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించాలా?

ఉప్పు పట్టొద్దు, దానితోనే చనిపోవచ్చు. యాసిడ్, కిరోసిన్ లాంటివి తాగి ఉంటే వాంతిలో రెండోసారి గొంతు కాలుతుంది. మగతగా ఉన్న జంతువుకి వాంతి చేయిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్యాకెట్ దొరికితే తెండి, అదే పెద్ద సాయం. రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే ఉండి తర్వాత లోలోపల రక్తం కారి పడిపోతుంది. దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. కొన్ని రకాల ఎలుకల మందులు కడుపులో విషవాయువు పుట్టిస్తాయి, అది వాంతి చేసుకుంటే బండిలో ఉన్న మనుషులకీ ప్రమాదం. అద్దాలు దించి తీసుకురండి.

రక్తం ఎక్కించాలంటే మా కుక్క రక్తం ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, అది ఆరోగ్యంగా ఉండి, టీకాలు వేయించుకుని, తగినంత బరువుండి, రక్తం ద్వారా వచ్చే జబ్బులు లేవని తేలితే. కుక్కకి మొదటిసారి రక్తం ఎక్కించినప్పుడు తీవ్రమైన రియాక్షన్ అరుదు. పిల్లికి మాత్రం గ్రూపు చూడకుండా ఎక్కించకూడదు. ఎ, బి, ఎబి గ్రూపులుంటాయి. బి గ్రూపు పిల్లికి ఎ రక్తం కొద్దిగా ఎక్కినా ప్రాణం పోవచ్చు.

గోమార్లు, పేలు, పొట్టలో పురుగులు నెలల పాటు రక్తం పీల్చిన కుక్క, రిపోర్టులో అంకె చూసి మనం భయపడేంత తక్కువ రక్తంతోనే నిలబడి నడుస్తుంది. ఒక్కసారిగా రక్తం పోయిన కుక్క ఆ అంకె దగ్గర బతకదు. ఎక్కించాలా వద్దా అనేది జంతువుని చూసి తేల్చాలి, అంకెని చూసి కాదు.

పార్వో అని తేలితే ఎందుకంత హడావుడి?

పార్వో అంటే ముఖ్యంగా కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చే అంటువ్యాధి. దాని వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు ఫ్లోర్ క్లీనర్లు చాలావరకు దాన్ని చంపలేవు. ఇళ్ళలో వాడే బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్ళు కలిపి, 10 నిమిషాలు తడిగా ఉంచాలి. ముందు మలినం అంతా కడిగేయకపోతే బ్లీచ్ పనిచేయదు. చాలా చోట్ల తప్పు జరిగేది ఈ కడిగే దగ్గరే.

వైద్యం అందని కుక్కపిల్లల్లో చాలావరకు చనిపోతాయి, అందితే చాలావరకు బతుకుతాయి. సెలైన్, వాంతులు ఆపే మందులు, యాంటీబయాటిక్స్, త్వరగా తిండి మొదలుపెట్టడం, ఇవే చికిత్స. 2023లో అమెరికాలో ఈ వైరస్‌ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీకి షరతులతో అనుమతి వచ్చింది గానీ అన్నిచోట్లా అందదు. ఐసొలేషన్ గదిలోకి వెళ్ళిన మనిషి ఆ రోజు కుక్కపిల్లల గదిలోకి రాకూడదు. చెప్పులు మార్చుకుంటే సరిపోదా అని అడగొద్దు, సరిపోదు.

ఒంట్లో బాగాలేనప్పుడు టీకాలు వేస్తారా?

చావుబతుకుల్లో ఉంటే ఆగుతాం. మిగతావాటికి గాయాలున్నా, గజ్జి ఉన్నా వచ్చిన రోజే వేస్తాం. షెల్టర్‌లో ఉన్నన్నాళ్ళూ పిల్లలకి 4 వారాల వయసు నుంచి మొదలుపెట్టి 2 వారాలకోసారి, 20 వారాలు వచ్చేదాకా.

దాన్ని కాపాడబోతే కరిచింది. ఏం చేయాలి?

వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మొదటి మాట ఇదే. 15 నిమిషాలంటే చాలాసేపు, గడియారం చూసుకుని కడగండి. ఆ తర్వాత అదే రోజు మనుషుల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. "పాపం భయపడి కరిచింది" అన్నది నిజమే అయినా టీకా వాయిదా వేయడానికి అది కారణం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

కరిచిన కుక్కనో పిల్లినో 10 రోజులు వేరుగా ఉంచి గమనిస్తాం. రోజూ జంతువులని పట్టుకునేవాళ్ళు ముందుగానే రేబిస్ టీకా వేయించుకుని ఉండాలి. అలా వేయించుకున్నవాళ్ళకి కరిచాక ఇవ్వాల్సిన డోసులు తగ్గుతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు. కింది దవడ జారిపోయి చొంగ కారుస్తున్న కుక్కని చూసి గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని నోట్లో చేయి పెట్టకండి, అది రేబిస్ కావచ్చు. గజ్జి, తామర, లెప్టోస్పైరోసిస్ కూడా మనుషులకి అంటుకునేవే, గ్లౌజులు వేసుకోండి.

కళ్ళు తెరవని కుక్కపిల్లలో, పిల్లిపిల్లలో దొరికాయి. పాలు పట్టాలా?

ముందు ఒళ్ళు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే పాలు పట్టకండి. ఒంటి వేడి 35 డిగ్రీలకన్నా తక్కువ ఉన్నప్పుడు పేగులు కదలవు, పట్టిన పాలు లోపలే పులుస్తాయి. నెమ్మదిగా, గంటా రెండు గంటల మీద వెచ్చబరచాలి. ఆ తర్వాత వాటి కోసమే తయారుచేసే పాలపొడితో, బోర్లా పడుకోబెట్టి పట్టాలి. మనిషి పిల్లలకి పట్టినట్టు వెల్లకిలా పట్టకూడదు. పట్టాక తడిదూదితో కింద తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. తల్లి నాలుకతో చేసే పని అది.

ఆవులు, గుర్రాలు వస్తే?

సూత్రం అదే, ప్రమాదాలు వేరు. పడిపోయిన ఆవుకి సొంత బరువే శత్రువు. ఒకే పక్కన గంటల తరబడి పడుకుంటే కింది కాలి కండరాలు, నరాలు చచ్చుబడతాయి, అసలు జబ్బు నయమైనా లేవలేదు. మెత్తటి నేల మీద, ఛాతీ ఆనించి కూర్చోబెట్టి, కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. ఆకలితో ఉందని గింజలు, పిండి పోస్తే పొట్టలో యాసిడ్ పుట్టి అదే చంపుతుంది. బక్కచిక్కిన గుర్రానికి కూడా గింజలు కాదు, లూసర్న్ గడ్డిని కొద్దికొద్దిగా రోజుకి ఆరేడు సార్లు పెడతారు.

ఒకేచోట నుంచి పదుల సంఖ్యలో తెస్తే ఎవరికి ముందు చూస్తారు?

అరిచేవాటికి కాదు. గట్టిగా అరుస్తోందంటే ఊపిరి, ఓపిక ఉన్నట్టే. మూలన కదలకుండా పడున్నవి ముందు. వెంటనే చూడకపోతే చనిపోయేవాటికి ఎరుపు, కొన్ని గంటలు ఆగగలిగేవాటికి పసుపు, నడుస్తున్నవాటికి ఆకుపచ్చ పట్టీ కడతారు. ఎంత చేసినా బతకనివాటికి ఇంకో రంగు ఉంటుంది, వాటికి నొప్పి తెలియకుండా చూడటమే పని.

ప్రాణాపాయంలో ఉన్నప్పుడు ఫొటోలు తీస్తూ కూర్చుంటారేం?

చికిత్స ఆపి తీయం. ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు తీస్తారు. ఎందుకంటే బొచ్చు గొరిగి, పుండు కడిగాక అది ఎలా ఉందో నిరూపించడం ఎవరి తరమూ కాదు. నాలుగు వైపుల నుంచి, గాయం పక్కన స్కేలు పెట్టి, తేదీతో తీస్తాం. తీసేసిన పట్టీని, గొలుసుని కడగకుండా కాగితం కవర్లో సీలు చేస్తాం, ప్లాస్టిక్‌లో పెడితే బూజు పడుతుంది.

కోర్టులో బలంగా నిలబడేది మాత్రం ఫొటో కన్నా బరువుల చార్టు అని నా అభిప్రాయం. "దానికేదో జబ్బు, ఎంత పెట్టినా తినేది కాదు" అన్నది యజమానులు మామూలుగా చెప్పే మాట. పరీక్షల్లో జబ్బేదీ కనిపించక, మామూలు తిండితోనే వారం వారం బరువు పెరుగుతూ పోతే ఆ మాటకి అదే జవాబు. అందుకే రోజూ ఒకే తూకం మీద, వీలైనంత ఒకే సమయంలో తూయమని వాలంటీర్లని సతాయిస్తాం. జంతువు చనిపోతే పోస్ట్‌మార్టం అయ్యేదాకా చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. గడ్డకడితే కణజాలం పాడై పరీక్షకి పనికిరాదు.

యజమానిని మేమే వెళ్ళి నిలదీయొచ్చా?

వద్దు. మిగతా జంతువులని దాచేస్తాడు, సాక్ష్యం పోతుంది. ఫిర్యాదు చేయండి. ఇంకో మాట, నిర్లక్ష్యం చేసినవాళ్ళందరూ క్రూరులు కాదు. మంచాన పడ్డ ముసలివాళ్ళు, మతి సరిగాలేక పదుల పిల్లులని పోగేసుకున్నవాళ్ళు ఉంటారు. జంతువుకి చేసే వైద్యంలో దీనివల్ల తేడా రాదు. ఆ ఇంటికి మళ్ళీ జంతువు రాకుండా ఏం చేయాలన్నది మాత్రం దీన్ని బట్టే ఉంటుంది.

"నిండిపోయింది, ఇంకో చోట అడగండి" అంటారు. ఇది న్యాయమా?

వినడానికి కఠినంగానే ఉంటుంది. అసోసియేషన్ ఆఫ్ షెల్టర్ వెటర్నేరియన్స్ అనే పశువైద్యుల సంఘం 2010లో మార్గదర్శకాలు ఇచ్చి, 2022లో వాటిని సవరించింది. చూసుకోగలిగినన్ని జంతువులనే ఉంచుకోవాలన్నది అందులో మూల సూత్రం. పంజరం ఖాళీ ఉండటం వేరు, రాత్రి 2 గంటలకి సెలైన్ చూసే మనిషి ఉండటం వేరు. రెండోది లేకుండా తీసుకుంటే నిర్లక్ష్యం ఇంటి నుంచి షెల్టర్‌కి మారిందంతే. ప్రాణాపాయంలో ఉన్నదాన్ని స్థిమితపరిచి వేరేచోటికి పంపమని అడగండి, అది అడిగే హక్కు మీకుంది.

కారుణ్య మరణం ఎప్పుడు?

నొప్పిని మందులతో అదుపు చేయలేనప్పుడు, కోలుకునే దారి లేనప్పుడు. డాక్టర్ తేలుస్తారు, తెచ్చినవాళ్ళ ఓటు కాదు. ముందు మత్తిచ్చి, తర్వాత పెంటోబార్బిటాల్ అనే మత్తుమందుని ఎక్కువ మోతాదులో నరంలోకి ఇస్తారు, సెకన్లలో స్పృహ పోతుంది. మూడు కాళ్ళతో, ఒక కన్నుతో బాగా బతికే జంతువులు బోలెడు. అవయవం పోయిందన్నది ఒక్కటే ఎప్పుడూ కారణం కాదు. డబ్బు లేకపోవడం, మందు దొరకకపోవడం కూడా కొన్ని నిర్ణయాల వెనక ఉంటాయి. ఆ సంగతి మీ దగ్గర దాచం.

గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. దేనికి మళ్ళీ తీసుకురావాలి?

ఒక పూట తినకపోతే గాభరా అక్కర్లేదు, కొత్త చోటు కదా. పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోతే మాత్రం ఫోన్ చేయండి, తిండి మానేసిన పిల్లికి కొన్ని రోజుల్లోనే కాలేయంలో కొవ్వు చేరుతుంది. వాంతులు, నీళ్ళ విరేచనాలు, చిగుళ్ళు పాలిపోవడం, కళ్ళలో ముక్కులో చీము కనిపిస్తే అదే రోజు తీసుకురండి. డిస్టెంపర్ అనే కుక్కల అంటువ్యాధి బయటపడటానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ఇంట్లో వేరే కుక్కలుంటే, వాటికి టీకాలున్నా సరే, రెండు వారాలైనా విడిగా ఉంచండి. ఇచ్చిన డైట్ కాగితం ప్రకారమే పెట్టండి, వారానికోసారి తూచి ఆ అంకె మాకు పంపండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు అని తొందరపడకండి. బరువు, రక్తం మామూలుకి వచ్చాక మేమే తేదీ ఇస్తాం.